దారికి అడ్డం

"ఆపు! ఆటో ఆపు!"

ఎర్ర గుడ్డ ఊపుతూ ఒక మనిషి రోడ్డు మధ్యలోకి వచ్చాడు.

చందర్ బ్రేకు తొక్కాడు. ఏన్కూరు సంతకు పోతున్న ఆడవాళ్లు వెనక సీట్లో ఒకరి మీద ఒకరు పడ్డారు.

"మళ్లా నువ్వేనా? ఇయ్యాల ఏంది?"

"క్వారీల బ్లాస్టింగ్ ఉంది తమ్మీ. పేలినంక పో."

టేకులపల్లి దాటాక అడవి అంచునే ఆ కంకర క్వారీ. కొంతకాలంగా మధ్యాహ్నమైతే చాలు, చందర్‌కు ఇదే గోల. ఈ మనిషి ఆపినప్పుడల్లా అవతల ఖమ్మం బస్సు దిగిన జనాన్ని వేరే ఆటోలవాళ్లు ఎక్కించుకుపోతారు. కడుపు మండదా మరి?

"రాళ్లు గింత దూరం వస్తయా? మమ్ములను సతాయించెతందుకే కంపెనోళ్లు నిన్ను పెట్టిండ్రు."

"పేల్చే ముందు ప్రతి దారిల మనిషిని నిలబెట్టాలె. అది చట్టం."

"జీతం నీకు, చట్టం మాకా?"

ఆ మనిషి గుడ్డను ఇంకా పైకెత్తాడు. పక్కకు జరగలేదు. క్వారీలో పేలుడు వినిపించి, దుమ్ము సర్దుకున్నాకే గుడ్డ దించాడు.

సాయంత్రం చందర్ నేరుగా క్వారీ ఆఫీసుకు పోయాడు.

"సార్, గా ఎర్ర గుడ్డాయనను మా దారిల నుంచి తీసెయ్యుండ్రి. మా పొట్ట కొడుతుండు."

మేనేజర్ ప్రభాకర్ మర్యాదగా కుర్చీ చూపించాడు. టీ కూడా తెప్పించాడు.

"ఆయనతోటి మాకు గూడ తలనొప్పే. రేపటి నుంచి ఉండడు, పో."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. తెల్లారి క్వారీ మనుషులు వచ్చి గుడ్డ, విజిల్ లాక్కుని ఆ మనిషిని తరిమేశారు. సంగతి విని చందర్ మీసం మెలేశాడు.

ఆ మధ్యాహ్నం దారి ఖాళీగా కనిపించింది. చందర్ జనాన్ని ఎక్కించుకుని హుషారుగా ఆటోను దూకించాడు.

మలుపు తిరిగాడో లేదో, చెట్ల మధ్య నుంచి ఆ మనిషే ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చాడు. చేతులు బారజాపి ఆటోకు ఎదురుగా నిలబడ్డాడు.

"చస్తవ్! జరుగు!"

"జరగ. గుద్దిపో."

ఆటో ఆయన మోకాళ్లకు తగిలీ తగలకుండా ఆగింది. చందర్ తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో పేలింది.

ఆటో పోవాల్సిన చోట రోడ్డు నిండా రాళ్లు పడ్డాయి. వాటిలో ఒకటి ఎగిరొచ్చి ఆ మనిషి తల వెనక తగిలింది. ఆటోలో ఉన్నవాళ్లలో ఒక్కరికీ చిన్న గాయం కూడా కాలేదు.

చందర్ ఆయన్ను తన ఆటోలోనే దవాఖానాకు తీసుకుపోయాడు. ప్రాణం దక్కలేదు. ఆయన పేరు దూలయ్య అని అక్కడే తెలిసింది. ఇన్నాళ్లూ పేరైనా అడగనందుకు చందర్‌కు సిగ్గేసింది. గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత కళ్లు తుడుచుకుని, కబురు విని దవాఖానాకు వచ్చిన దూలయ్య భార్య జంపక్క ముందు కూర్చున్నాడు.

"అక్కా, ఆయనను తీసెయ్యమన్నది నేనే. గా మాట గూడ పోలీసుల ముందు చెప్త. కంపెనీని మాత్రం వదిలిపెట్టొద్దు."

జంపక్క చందర్ ముఖంలోకి చూసింది.

"ఎవలు బెదిరించినా చెప్తవా?"

"చెప్త. కంపెనీ మనిషి మమ్ములను కాపాడబోయి పోయిండని ఎక్కడైనా సాక్ష్యం చెప్త."

"సాక్ష్యం చెప్పు తమ్మీ. కంపెనీ మనిషని మాత్రం చెప్పకు."

"మరి?"

జంపక్క కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"గా క్వారీల బ్లాస్టింగ్ చేసేది ఈయనే ఉండె. దారిల మనిషిని పెట్టకుంట పేల్చనన్నడని పనిల నుంచి తీసేసిండ్రు; వాళ్లు ఎవ్వలను పెట్టకపోతే, అప్పటిసంది తనే పోయి నిలబడుతుండు."