సగం మీద ఒకటి

“ఆ మాట ఇక్కడ ఎత్తకు,” అన్నాడు ఎమిల్ క్రౌజ్.

జ్యూరీ గదిలో మిగిలిన పదకొండు మందీ ఆయన వైపు తిరిగారు.

డ్వేన్ తింటున్న సాసేజ్ రొట్టె చేతిలోనే ఆగిపోయింది. టెక్సస్‌లోని ఆ పత్తి ఊరికి దాణా కొట్టు అతనిదే. నోరు కొట్టు కంటే పెద్దది.

“నేనేమన్నాను పెద్దాయనా? మనం ఇలా రాస్తే ఆమెకి ఎంత ముడుతుందో అన్నాను, అంతేగా!”

“అదే వద్దన్నారు జడ్జిగారు. మన జవాబు వల్ల ఎవరికి ఏమవుతుందో మాట్లాడుకోవద్దు, ఆలోచించనూ వద్దు అన్నారు. అడిగినదానికి జవాబు రాయమన్నారు.”

“అబ్బో! జడ్జిగారు ఇంటికెళ్ళినా ఈయన వెళ్ళేలా లేడే!”

అందరూ నవ్వారు.

వాండా టీగ్ బల్ల మీద వేళ్ళతో కొట్టింది. ఊళ్ళో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఇక్కడ జ్యూరీ పెద్ద ఆమె.

“కానివ్వండి. తప్పు ఎవరిది ఎంత? నూటికి పంచి రాయాలి.”

పొగమంచు కమ్మిన ఒక ఉదయం పత్తి లారీ రోడ్డు అంచున దీపాలు లేకుండా ఆగి ఉంది. ఎఫ్రాయిన్ కాంటూ తన బండిలో జోరుగా వచ్చి దాన్ని గుద్దుకుని చనిపోయాడు. భార్య నోయెమీ లారీ కంపెనీ మీద దావా వేసింది. ఇద్దరు పిల్లలతో ఆమె ఆ ఊళ్ళో బతకాలంటే ఈ దావా ఒక్కటే ఆధారం.

“లారీ కదల్లేదు. కదిలింది అతను,” అన్నాడు డ్వేన్. “ఆ మంచులో అంత జోరేంటి? ఓ పిసరు ఎక్కువ అతని మీదే వెయ్యాలి. అతనికి యాభై ఒకటి, లారీకి నలభై తొమ్మిది.”

“లారీవాడు దీపం వెయ్యలేదు, హెచ్చరిక పలకా పెట్టలేదు,” అన్నాడు ఎమిల్. “ఇతను జోరుగా వచ్చాడు. ఇద్దరిదీ సమానమే. చెరి సగం రాయండి.”

“ఒక్కటేగా తేడా! నీ సొమ్మేం పోయింది?”

“ఒక్కటి కాదు...”

ఎమిల్ చటుక్కున నోరు మూసుకున్నాడు.

“మరెంత? మాకూ నేర్పు లెక్కలు!”

మళ్ళీ నవ్వులు. జ్యూరీ గదిలోనైనా నోరున్నవాడిదే రాజ్యం.

ఎమిల్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. “వాండా, నీకు దణ్ణం పెడతాను. సగం దాటనివ్వకు.”

“ఎందుకో చెప్పండి మరి.”

“సాక్ష్యం అంతకు మించి చెప్పలేదు గనక.”

“అంతేనా?”

“అంతే చెప్పగలను తల్లీ.”

వాండా విసుక్కుంది. ఎలాగూ నోయెమీకి సగమో, ఓ పిసరు తక్కువ సగమో వస్తుంది. పామూ చావకుండా కర్రా విరగకుండా ఉంటుంది. పైకి అనలేదు గాని, ఆ గదిలో చాలామంది మనసులో ఉన్నది అదే.

పది మంది ఒప్పుకుంటే చాలు. అతనికి యాభై ఒకటి అన్న జవాబు కింద పదకొండు మంది సంతకం పెట్టారు.

“మొండిఘటం,” అన్నాడు డ్వేన్, ఎమిల్‌కి వినబడేలాగే.

కోర్టులో జవాబులు చదివారు. నోయెమీ బల్ల మీద తల వాల్చేసింది. గండం గడిచిందని ఏడుస్తోందనుకుంది వాండా.

జడ్జి అందరికీ కృతజ్ఞతలు చెప్పి, ఇక ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చని పంపేశారు. వాండా తిన్నగా నోయెమీ దగ్గరికే వెళ్ళింది.

“ఊరుకోమ్మా. దాదాపు సగం చేతికొస్తుందిగా.”

నోయెమీ లాయరు అందుకున్నాడు.

“ఏమీ రాదండీ. పోయినవాడి తప్పు సగం దాటితే ఇక్కడి చట్టంలో చిల్లిగవ్వ రాదు. చెరి సగం రాసుంటే సగం వచ్చేది.”

“మాకెవరూ చెప్పలేదే!”

“చెప్పకూడదు. పద్ధతే అంత.”

“మీరు మాత్రం ఏం చేస్తారమ్మా,” అంది నోయెమీ మెల్లిగా. “తెలియదుగా.”

ఆ మాట కంటే చెంప పగలగొట్టినా బాగుండేదనిపించింది వాండాకి.

పరుగెత్తింది. ఎమిల్ అప్పుడే తన పాత ట్రక్కు ఎక్కుతున్నాడు.

“మీకు ముందే తెలుసా?”

తల ఊపాడు.

“తెలిసీ నోరు విప్పలేదా? ఒక్క ముక్క చెబితే సరిపోయేదిగా!”

“చెయ్యెత్తి ప్రమాణం చేశాను తల్లీ. జడ్జిగారు చెప్పినట్టే వింటానని.”

“ప్రమాణం ఎక్కువా, ఆ పిల్లలు ఎక్కువా?”

ఆయన ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. కళ్ళలో నీళ్ళు తుడుచుకోలేదు.

“అక్కడ కూర్చున్నంతసేపూ నన్ను నేను అదే అడుక్కున్నాను.”

ట్రక్కు వెళ్ళిపోయింది.

కోర్టు మెట్ల మీద బంట్రోతు రూబెన్ నిలబడి ఉన్నాడు. వాండా కసి అంతా అతని ముందు కక్కేసింది.

“మనిషా, బండరాయా ఆయన! పుస్తకంలో రాసిందే గాని గుండెలో ఏమీ లేదు!”

“అలా అనకమ్మా. జ్యూరీని ఏరిన రోజు జడ్జిగారు మిమ్మల్ని బయట కూర్చోబెట్టి, ఆయన ఒక్కణ్ణే పిలిచారు. ‘ఆ సంగతి ఈ గదిలోకి తేకుండా, నేను చెప్పిన నియమం తప్పకుండా ఉండగలరా’ అని అడిగారు. ఉంటానన్నాడు. లారీవాళ్ళ లాయరు గింజుకున్నాడు గాని, జ్యూరీలోకి ఫలానావాళ్ళు వద్దనడానికి లాయర్లకిచ్చే కొద్ది అవకాశాలూ అప్పటికే వాడేసుకున్నాడు.”

“ఏ సంగతి?”

రూబెన్ గొంతు తగ్గించాడు.

“రోడ్డు ప్రమాదంలో పోయిన కూతురి కోసం ఒకప్పుడు ఇదే కోర్టులో, నోయెమీ కూర్చున్న చోటే కూర్చున్నాడమ్మా ఆయన, అప్పటి జ్యూరీ కూడా సగం మీద ఒక్కటేగా అనుకుంది.”