ఎదురు కాల్చని ఓడలు

ప్రేమ్‌రాజ్ కంప్యూటర్ తెరను కప్పేలోపే విద్యాసాగర్ పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆపరేషన్ కుట్లను చేత్తో అదుముకుంటూ, దవాఖాన నుంచి నేరుగా అబిడ్స్‌లోని ఈ ఇంటర్నెట్ సెంటర్‌కే వచ్చాడు.

"నా గ్రహాలేవిరా?"

ఇద్దరూ మిత్రపక్షాలుగా నెలల తరబడి ఆడుతున్న అంతరిక్ష యుద్ధం ఆట అది. తెర మీద గ్రహాలన్నీ ఇప్పుడు ప్రేమ్‌రాజ్ రంగైన ఎరుపులోనే ఉన్నాయి.

"నువ్వు లేవు గద, నీ దిక్కునుంచి కంప్యూటర్‌ని ఆడమన్న," ప్రేమ్‌రాజ్ నసిగాడు. "ఆట మస్తుగుంది గానీ కంప్యూటర్‌కు అకల్, తెలివి ఏం లేదురా. నేను మీద పడితే నీ ఓడ ఒక్కటి గూడ ఎదురు కాల్చలే. గదే దీంట్ల పెద్ద లోపం."

"లోపం కాదురా. మనం ఇచ్చిన ఆర్డర్ మరువదు, గదే దీని గొప్ప." విద్యాసాగర్ నవ్వాడు. "దవాఖానకు పోయే ముందు నేనే ఇచ్చిన. ప్రేమ్‌గాని ఓడలొస్తే కాల్చొద్దు, లోపలికి రానియ్యాలె అని. నేను లేకుంటే నువ్వే చూసుకుంటవనుకున్న."

ఈ యుద్ధం గెలిచే తొందరలో, పక్కనే ఉన్న నాంపల్లి దవాఖానకు ప్రేమ్‌రాజ్ ఒక్కసారీ పోలేదు.

"కొత్త ఆట పెట్టు," అంటూ విద్యాసాగర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఈసారి గూడ మనిద్దరిది దోస్తీనే."