ఎవరి స్థానంలో

ప్రధానోపాధ్యాయులు లేని బడులన్నీ ఈ సాయంత్రానికల్లా మూసేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. మూయాల్సిన విద్యాధికారిని నేనే.

వంతెన అవతలి బడికి కొత్తగా వచ్చిన టీచరు నా బల్ల ముందు నిలబడింది.

"మాకొక హెడ్‌మాస్టర్ని వేయండి సార్."

"బడ్జెట్ లేదమ్మా."

"నాకిచ్చే జీతానికే ఆ పని కూడా చూసుకుంటానంటున్నానుగా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ వరస. బడి మూసేస్తే అంత చిన్నపిల్లలు రోజూ ఆ లారీల మధ్య వంతెన దాటి ఇవతలి బడికి రావాలా?"

ఆమె పేరన నియామకపు ఉత్తర్వు టైపు చేయించాను. గుమాస్తా దాన్ని తెచ్చిపెట్టి అక్కడే నిలబడ్డాడు.

"ఖాళీ ఎవరిదో, ఎందుకొచ్చిందో మీ చేత్తో రాయాలి సార్. లేకపోతే ఉత్తర్వు చెల్లదు."

ఆ బడికి ఇంతకుముందు హెడ్‌మిస్ట్రెస్ నా భార్య. ఆమె పేరు రాశాను. ఆ తర్వాత కలం కదల్లేదు.

టీచరు తల దించుకుంది.

"పోనీ, బదిలీ అని పెడదామా సార్?" గుమాస్తా మెల్లగా అడిగాడు.

"ఎక్కడికని రాస్తావయ్యా?"

ఇన్నాళ్లూ బడ్జెట్ లేదన్నది ఆ ఒక్క మాట రాయలేకే.

'మరణించినందున' అని రాసి సంతకం పెట్టాను.