ఎవరి పక్కన ఎవరు

"లెక్కల్లో చేరేది లేదు. రేపట్నుంచి కొట్లో కూర్చో," అని తేల్చేశాడు పెదనాన్న.

అమ్మాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాలేజీలో లెక్కల కోర్సుకు దరఖాస్తు పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువు. ఆ ఇంట్లో పెదనాన్న ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. నాన్న తల ఎత్తలేదు. అన్నగారి ఎదుట ఆయనకు నోట్లో నాలుక ఉండదు.

"కొట్లో కూర్చోను. లెక్కల్లోనే చేరతాను," అంది అమ్మాయి.

బల్ల చుట్టూ నమలడం కూడా ఆగిపోయింది. ఎదురు చెప్పడం ఆ ఇంటికి కొత్త. పెదనాన్నకు కోపం రావాల్సిందే కానీ, ఆదివారం భోజనం బాగా కుదిరినట్టుంది, వేళాకోళం వచ్చింది. ఈ ఇంట్లో ఆరుగురం ఒక్క పూట కుదురుగా కూర్చుని తిన్న పాపాన పోలేదన్నాడు. పెద్దమ్మ సగంలో కంచం పట్టుకుని వంటింట్లోకి పోతుందనీ, నానమ్మకు ఉన్నట్టుండి ఆకలి చచ్చిపోతుందనీ, నాన్న నమలకుండా మింగి లేచిపోతాడనీ ఏకరువు పెట్టాడు.

"మీ అమ్మకీ పెద్దమ్మకీ పడదు. ఇంకా ఎవరికి ఎవరితో పడదో దేవుడికెరుక. ఎవరికి గిట్టనివాళ్ళు వాళ్ళ పక్కన పడకుండా ఈ ఆరుగురినీ కూర్చోబెట్టు చూద్దాం. అదీ చేతకాని చదువు దేనికి?"

"కూర్చోబెడితే?"

"పోయి చేరు. మాటిస్తున్నాను."

గుండ్రటి బల్ల కాబట్టి ముందు ఒకరిని కదలకుండా ఉంచి, మిగతావాళ్ళను మార్చుకుంటూ పోవాలంది అమ్మాయి. ఆ ఒకరుగా పెదనాన్నను ఉంచుతానంది. పద్ధతి ఆయనకు నచ్చింది. పేచీలేమీ లేకపోతే నూట ఇరవై రకాలుగా కూర్చోవచ్చని ఆమె చెబితే, అన్ని ఉండీ ఏం లాభమన్నాడు. తన పక్కన ఎవరు వద్దో అడిగితే, "నాకెవరైనా ఒకటే," అన్నాడు దర్జాగా. మిగతావాళ్ళు ఎవరి పగ వాళ్ళు దాని చెవిలో చెప్పుకోండని సెలవు కూడా ఇచ్చాడు.

అమ్మాయి ముందు అమ్మ దగ్గర వంగింది. అమ్మ చెప్పింది.

"డెబ్బై రెండు," అంది అమ్మాయి పైకి.

నాన్న తటపటాయించాడు. గొంతు సవరించుకున్నాడు, నీళ్ళు తాగాడు, చివరికి చెప్పాడు. ముప్ఫై ఆరుకు దిగింది. నానమ్మ అడగకముందే చెప్పేసింది. పన్నెండు మిగిలాయి. ఇదంతా తోడికోడళ్ళ తంటాయేనని పెదనాన్న మీసాల్లో నవ్వుకున్నాడు. పెద్దమ్మ మాత్రం అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుని మరీ చెప్పింది.

"సున్నా," అంది అమ్మాయి. తన సంగతి ఇంకా చెప్పనేలేదు.

పెదనాన్న బల్ల అదిరేలా నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాను కానీ, ఎలుక కూడా దొరక్కపోవడం ఇప్పుడే చూస్తున్నానన్నాడు. పొద్దున్నే వచ్చి కొట్టు తాళాలు తీయమన్నాడు.

"సున్నా వస్తే లెక్క రానట్టు కాదు. ఈ ఆరుగురూ కలిసి కూర్చోలేరని తేలినట్టు. ఒక్కరు లేస్తే దారుంది."

అమ్మాయికి భయం వేయకపోలేదు. కానీ ఆ నాలుగు గుసగుసలూ విన్నాక ఇక వెనక్కి తగ్గడం ఆమె వల్ల కాలేదు.

పెదనాన్న ఓరకంట పెద్దమ్మను చూశాడు. ఇల్లు బాగుపడాలంటే ఎవరో ఒకరు తగ్గక తప్పదని పెద్దరికంగా చెప్పాడు.

"ఎవరైనా సరే, ఇవాళ్టి నుంచి వాళ్ళు విడిగా తింటారు. నువ్వు పోయి చేరు. లేవాల్సింది ఎవరో చెప్పు."

నాన్న మొదటిసారి తల ఎత్తాడు. అమ్మాయి పెదనాన్న కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరు లేస్తే ఇరవై నాలుగు రకాలుగా కూర్చోవచ్చు, పెదనాన్నా."