అమ్మ అడిగిన సీల్ బొమ్మ

ఆడామీ కూతురి ఇంటి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కోటు జేబులో బలపపు రాయితో చెక్కిన సీల్ ఉంది. మంచు మీద వెల్లకిలా పడుకుని ఎండ కాగుతున్న సీల్, అరచేతిలో ఇమిడేంత. అది అమ్మకి ఇవ్వాలి. తీరా వచ్చాక అడుగు ముందుకు పడటం లేదు.

ఏడేళ్ల కిందట అమ్మ మంచాన పడి ఉన్నప్పుడు అడిగింది. "చిన్న సీల్ బొమ్మ చేసిపెట్టు నాయనా. గుప్పిట్లో పెట్టుకుని పడుకుంటాను."

"రేపు చేస్తానమ్మా" అన్నాడు. ఆ వారమే తమ మంచుసీమ ఊరు కిన్‌గైట్‌కి విమానం వస్తోందనీ, ఎలుగుబంటి బొమ్మలు కావాలనీ దుకాణంవాళ్లు వెంటపడ్డారు. విమానమెక్కే బొమ్మలు ముందు, అమ్మ బొమ్మ వెనక! రేపు కాస్తా ఎల్లుండి అయింది. అమ్మ మళ్లీ అడగలేదు.

అప్పట్నుంచీ ఆడామీ ఎలుగుబంట్లు చెక్కాడు, గుడ్లగూబలు చెక్కాడు. సీల్ జోలికి పోతే ఒట్టు. ఆకురాయి పట్టుకుంటే చాలు, అమ్మ మాటే చెవిలో రొద. సిగ్గుతో చచ్చిపోయేవాడు.

పెళ్లాం సియాసీ ఊరుకునే రకమా? "ఊరందరికీ చెక్కి పోస్తావు. కన్నతల్లికి వేలెడు రాయి దొరకలేదూ? ఇచ్చి రా. తిడితే తిట్టించుకో!" అని ఈ శీతాకాలమంతా పోరింది. చివరికి చెక్కాడు.

కూతురు మియాలి తలుపు తీసింది.

"అక్కడే గడ్డకట్టుకుపోతావా నాన్నా? రా లోపలికి. నాయనమ్మ పొద్దున్నుంచీ ఒకటే పేచీ. ముందుపళ్లు లేవు కదా అని చేప మెత్తగా చిదిమి పెడితే ముట్టదు. బూట్లు నేను తొడుగుతానంటే వద్దంటుంది. చూడు, ఎడమది కుడికాలికి!"

అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆడామీ ఆమె ముందు నేలమీద కూలబడ్డాడు. సీల్ తీసి ఒళ్లో పెట్టాడు.

"ఇది నీదేనమ్మా. ఎప్పుడో ఇవ్వాల్సింది. నా బుద్ధి గడ్డి తింది."

అమ్మ సీల్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. చెంపకి ఆనించుకుంది.

"చల్లగా ఉంది."

"నామీద కోపమా అమ్మా?"

"కోపమెందుకూ? బాగా చేశావు కదా నాయనా." సీల్‌ని గుప్పిట్లో బిగించింది. "ఏడవకు. ముక్కు కారుతోంది చూడు."

అంతే. ఆడామీ ఆమె ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. గుండెల మీది బండ దిగిపోయింది. నెరిసిన అతని జుట్టుని అమ్మ మెల్లగా నిమిరింది.

ఏడేళ్ల కిందట సీల్ బొమ్మ అందకుండానే కన్నుమూసిన ఆడామీ తల్లి ఉలాయు పేరు వాళ్ల ఆచారం ప్రకారం పెట్టుకుని, పేరుతోపాటు ఇంట్లో ఆమె వరసలన్నీ తెచ్చుకుని, మియాలి కడుపున పుట్టిన ఈ అమ్మకి మొన్ననే ఆరేళ్లు నిండాయి.