ఏటికి అటువైపు అధ్యాయాలు

“అటువైపు అధ్యాయాలు ఆరూ తీసెయ్యాల్సిందే బాబాయిగారూ. లేకపోతే సాయంత్రంలోగా పుస్తకం మీకు తిప్పి పంపించెయ్యమన్నారు మా యజమాని.”

ఆ మాటన్న ఎడిటర్‌ని ప్రచురణ సంస్థలో అందరూ ‘కత్తెర’ అంటారు. ఎంతటి రచయిత రాసినదైనా మొహమాటం లేకుండా కోసేస్తుందని పేరు. ఈ ముసలాయన దగ్గర మాత్రం ఆమెకు చెయ్యి ఆడటం లేదు. కుర్రతనంలో తాను చేసిన యుద్ధాన్నే పదకొండేళ్లు కూర్చుని నవలగా రాశాడాయన. ఆ పుస్తకం మీదా, మనిషి మీదా ఆమెకు తెగ ఇష్టం పుట్టేసింది. అచ్చు కాకుండా పోతుందేమోనని బెంగగా ఉంది.

“తియ్యను,” అన్నాడాయన, చొక్కాకు గుండీ కుట్టుకుంటూ.

“అది కాదండీ. ఒక అధ్యాయం ఏటికి ఇటు, ఇంకోటి అటు! మొదటిదాంట్లో హీరో, అంటే మీరే కదా, అవతలి గట్టున పొగ చూసి ఫిరంగి పేల్పిస్తారు. చప్పట్లు కొట్టాను. రెండోదాంట్లో ఆ పొగ దగ్గర శత్రువు జ్వరంతో పడున్న తోటివాడికి నీళ్లు కాస్తున్నాడు. అది చదివాక హీరోని లాగి ఒక్కటివ్వాలనిపించింది.”

“ఇవ్వాలి మరి!” వంటగదిలోంచి ఆయన భార్య, పెద్దావిడ, అంది.

“చదివేవాళ్లు ఎవరివైపు ఉండాలి బాబాయిగారూ?”

“ఎవరి అధ్యాయం చదువుతుంటే వాళ్లవైపు.”

“శత్రువుని ఇంత ముద్దుగా రాస్తే ఇటువైపు వాళ్లు నొచ్చుకోరూ?”

“ఫిరంగి పేల్పించినాయనే నొచ్చుకోలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకట!” మళ్లీ వంటగదే.

కత్తెరకు నవ్వొచ్చింది. అయినా కాగితాలు తిరగేస్తూ పట్టు వదల్లేదు. హీరో అధ్యాయాలు శుభ్రంగా, పద్ధతిగా ఉన్నాయి. శత్రువు అధ్యాయాలకే ప్రాణం ఉంది. అసలు గొడవంతా అదే.

“తడిసిన మేజోళ్లు పొట్టకి చుట్టుకుని, ఒంటివేడికి ఆరబెట్టుకుంటాడని రాశారు. ఇది ఇవతలి గట్టు నుంచి కనబడేది కాదుగా? మీరు వాళ్లకి పట్టుబడ్డారా?”

“లేదమ్మా.”

“మరి ఊహించారా?”

“నాకంత ఊహ ఎక్కడిది? ఆ మనిషి మీసం ఒక్కటే నా కల్పన.”

“పొట్టకి కాదు, నడుముకని చెప్పాను. గోడకి చెప్పినట్టే!” పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, భర్త చేతిలోంచి చొక్కా లాక్కుని, వంకరగా కుట్టిన గుండీ విప్పసాగింది. ఏళ్ల తరబడి వినీ వినీ ఈవిడకి కథంతా కంఠతా వచ్చేసిందనుకుంది కత్తెర. ముచ్చటేసింది.

“ఆఖరిసారి అడుగుతున్నాను బాబాయిగారూ. సగం కోస్తేనే మిగతా సగం బయటికొస్తుంది.”

“కొయ్యాలంటే నావి కొయ్యి,” అన్నాడాయన. “నా అధ్యాయాలు లేకపోయినా అది యుద్ధం కథే. ఆ ఆరూ లేకపోతే నా గొప్పలే మిగులుతాయి.”

ఆ మాటకి కత్తెర మనసు కరిగిపోయింది. అక్కడికక్కడే యజమానికి ఫోన్ చేసింది. “ఒక్క అక్షరం కూడా తియ్యనండీ. కావాలంటే నన్ను తీసెయ్యండి.”

యజమాని కాసేపు చిందులు తొక్కాడు. చివరికి దిగొచ్చి ఒక్క షరతు పెట్టాడు. అవతలివాడి మనసు ఈయనకి ఎలా తెలుసో ముందుమాటలో రాయాలి. పాఠకులు నమ్మేలా ఉంటే ఆరు అధ్యాయాలూ ఉంచుకోవచ్చు.

ఆమె ఫోన్ పెట్టేసి ఆ సంగతే చెప్పింది. పెద్దాయన భార్య వైపు చూశాడు.

“చెప్పమంటావా?”

“మీరు చెబితే అందులోనూ మీసం పెడతారు. నేనే చెబుతాను.”

పెద్దావిడ చొక్కా పక్కన పెట్టి, కత్తెర చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“ఆ శత్రువు నేనేనమ్మా.”