దెబ్బకో మాట

“చెంప మీద చేత్తో కొడితే ఏమంటారండీ?” అని అడిగింది సలీమా.

“స్లాప్,” అన్నాడు అనంతపద్మనాభం మేష్టారు. “పిడికిలి బిగించి గుద్దితే పంచ్. కాలితో తంతే కిక్. ఇక మొట్టికాయంటావా, దానికి ఇంగ్లీషువాడి దగ్గర సరైన మాటే లేదు. వాళ్ల పిల్లలు చేసుకున్న అదృష్టం!”

ఆయన గట్టిగా నవ్వాడు. సలీమా నవ్వలేదు. పెదవులు కదుపుతూ ఆ మాటలు వల్లె వేసుకుంటోంది.

బందరు ఇంగ్లీషుపాలెంలో ఇంగ్లీషు చెప్పే మేష్టారంటే అందరూ అనంతపద్మనాభంగారి ఇల్లే చూపిస్తారు. బడి నుంచి రిటైరయ్యాక వీధి వరండాలో నల్లబల్ల పెట్టుకుని చెబుతున్నాడు. నోరు తెరిచాడంటే ఇక మూసే రకం కాదు. ఇంటర్వ్యూలకని కుర్రాళ్లు వస్తారు గానీ, ఆసుపత్రి ఆయా రావడం ఇదే మొదలు. నిరుడు ఉప్పెన వచ్చి వెళ్లాక దివిసీమలో ఒక విదేశీ డాక్టరమ్మ ఆసుపత్రి పెట్టింది. అందులో ఆయానని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలని, ఈలోగా కొట్టడానికి ఉన్న మాటలన్నీ నేర్పమని సలీమా వచ్చీ రాగానే అడిగింది. విచిత్రంగానే ఉన్నా, పాఠం అడిగితే కాదనడం మేష్టారికి చేతకాదు.

“కొట్టడమంటే ఒకటా రెండా!” ఆయనకి ఊపొచ్చింది. “గడియారం గంట కొడితే స్ట్రైక్. కోడిగుడ్డు గిలక్కొడితే బీట్. సినిమా బాగా ఆడితే హిట్టంటాం చూడూ, మొన్న మీ ఊళ్లని ఉప్పెన కొట్టిందానికీ పేపర్లో హిట్టే రాశారు.”

ఉప్పెన పేరెత్తగానే సలీమా తల దించుకుంది. మేష్టారు నాలిక్కరుచుకున్నాడు.

“ఒక్క దెబ్బతో ఆపకుండా, మళ్లీ మళ్లీ కొడితేనండీ?”

“అది బీట్.”

“బెల్టుతో అయినా?”

“బెల్టుతో అయినా.”

“జుట్టు పట్టుకుని తల గోడకేసి కొడితే?”

మేష్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

“ఇవన్నీ నీకెందుకమ్మా?”

“మా ఆసుపత్రిలో ఒకావిడ ఉందండీ. మొగుడు చావగొట్టి తెచ్చి పడేశాడు. ఇక్కడ ఎముక విరిగింది,” సలీమా తన డొక్క మీద చెయ్యి పెట్టుకుంది. “ఇక్కడంతా కమిలిపోయింది,” మెడ తడుముకుంది. “డాక్టరమ్మకి తెలుగు ముక్క రాదు. ఏది చెప్పినా కాంపౌండరే ఇంగ్లీషులో చెప్పాలి. వాడు ఆ మొగుడికి జిగ్రీ దోస్తు. నూతి దగ్గర జారిపడిందని చెప్పేశాడు. రేపు పొద్దున్నే ఇంటికి పంపేస్తారండీ. ఈసారి వెళ్తే బతకదు.”

“ఆవిడే నోరు విప్పొచ్చుగా?”

“అడిగితే తనూ పడ్డాననే అంటుంది. అందుకే నేనే చెబుదామని. అక్కడ ఎవర్ని నేర్పమన్నా కాంపౌండరు చెవిన పడుతుందండీ.”

మేష్టారు ఆమె మెడకేసే చూస్తున్నాడు. పమిట నిండా కప్పుకుని ఉంది. ఒకావిడ, ఒకావిడ అని చెప్పుకునేవాళ్లు తమ గోడే చెప్పుకుంటారని ఆయన నమ్మకం. పాపం, ఎంత చిన్నపిల్ల అనుకున్నాడు.

ఇంతలో ఆయన భార్య సీతామహాలక్ష్మి మజ్జిగ తెచ్చింది. “ఎండన పడొచ్చావు, తాగమ్మా,” అంది. సలీమా గ్లాసు అందుకుంది గానీ ఆవిడ మొహంలోకి చూడలేకపోయింది. ఆవిడ లోపలికి వెళ్లేదాకా అలాగే కూర్చుంది.

మేష్టారు గొంతు తగ్గించాడు. “చూడమ్మా, మొగుడూ పెళ్లాల మధ్య బయటివాళ్లని దూర్చకూడదు. ఇంటి గుట్టు వీధిలో పెడితే మళ్లీ కాపురం చెయ్యగలరా? ఆడపిల్ల కాస్త సర్దుకుపోవాలి. మా అమ్మాయికీ అదే చెప్పి పంపాను. ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.”

“గోడకేసి కొట్టినా సర్దుకుపోవాలాండీ?”

ఇన్నేళ్లుగా ఎందరికో చెప్పిన సలహా, ఈ పిల్ల ముందు ఆయనకే రోతగా వినిపించింది. సుద్దముక్క పుచ్చుకుని లేచాడు.

“సరే. నా వెనకాల అను. మై హస్బెండ్ బీట్స్ మీ.”

“నన్ను కాదండీ. ఆవిణ్ణి.”

“మొహమాటపడకమ్మా. నా దగ్గర దాపరికం ఎందుకు?”

“ఒట్టండీ, నన్ను కాదు.”

“పోనీలే. హర్ హస్బెండ్ బీట్స్ హర్. డోంట్ సెండ్ హర్ హోమ్.”

సలీమా అంది. ముందు తడబడింది, తర్వాత తడబడలేదు. అంటున్నకొద్దీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి మేష్టారికి కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలీని కోపం.

“మీ నాన్నేం చేస్తున్నాడమ్మా? కూతురు ఇలా అయిపోతుంటే చూస్తూ కూర్చున్నాడా?”

“మా నాన్న ఉప్పెనలో పోయాడండీ. నాకసలు పెళ్లే కాలేదు.”

అంటే ఈ పిల్ల మొదట్నుంచీ నిజమే చెబుతోంది. ఆ మంచం మీద నిజంగానే ఇంకొకావిడ ఉంది.

“మరి ఆవిడకి? ఆవిడకి తండ్రి లేడా?”

“ఉన్నాడండీ. ఆయనకి తెలీదు. తెలిస్తే తట్టుకోలేడు, చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది.”

“ఒట్టూ లేదు, గిట్టూ లేదు!” మేష్టారు బల్ల మీద చరిచాడు. “ప్రాణం మీదికొస్తే ఒట్లేమిటి? సాయంత్రం బస్సుకి నేనూ వస్తాను. దార్లో ఆ తండ్రిని కూడా లాక్కెళ్దాం. ఎవరాయన? పేరు చెప్పు!”

సలీమా తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

“అనంతపద్మనాభంగారండీ.”